మెస్ పళ్ళెంలో సంగటి లెక్క

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అనంతపురంలో ఏ హాస్టల్ మెస్‌లోకి తొంగిచూసినా పళ్ళెం ఇంచుమించు ఒకటే. నడుమ కొండలా అన్నం, దాని మీద పల్చటి పప్పు, పక్కన గంటెడు కూర, అంచున ఊరగాయ, స్టీలు గ్లాసులో మజ్జిగ. కర్నూలులోనో కడపలోనో కూర పేరు మారుతుందేమో గానీ పళ్ళెం రూపం మారదు. పిల్లలు ఇంటికి ఫోన్ చేసి "మెస్‌లో తిండి బాగాలేదు" అంటారు. ఇంట్లోవాళ్ళు అది రుచి గొడవ అనుకుని ఇంకో సీసా ఆవకాయ కట్టి పంపిస్తారు. రుచి సంగతి కొంత నిజమే అయినా, ఆ పళ్ళెంలో అసలు చిక్కు పాళ్ళ దగ్గరుంది. పాళ్ళు సరిచేసుకోవడం చాలావరకు తినేవాడి చేతిలోనే ఉంది. దానికి కావలసిన సరుకు కూడా మెస్ లోపలో, గేటు బయట కిరాణా కొట్లోనో దొరికేదే.

ముందు లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి వండకముందు తూకాలు ఇలా చెప్తున్నాయి. ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, చెనిగ్గింజల్లాంటివి (వేరుశనగ గింజల్లాంటివి) 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మాంసాహారులు పప్పులో కొంత భాగానికి బదులు గుడ్డు, మాంసం తీసుకోవచ్చు.

ఇప్పుడు మెస్‌లో ఒక మామూలు రోజు తీసుకుందాం. పొద్దున ఉప్మాకు 60 గ్రాముల రవ్వ, రెండు పూటలా అన్నానికి 300 గ్రాముల బియ్యం, మధ్యాహ్నం పప్పులో 25 గ్రాముల కందిబేడలు, రాత్రి సాంబారులో మరో పది, ఒక చిన్న కప్పు పెరుగు. ధాన్యం 360, పప్పు 35. మార్గదర్శకాల్లో ధాన్యానికి పప్పు మూడింట ఒక వంతు ఉంటే, ఇక్కడ పదింట ఒక వంతు. ప్రోటీన్ లెక్కకు వస్తే, అన్నం నుంచి సుమారు 22 గ్రాములు, ఉప్మా నుంచి ఆరు, పప్పు, సాంబారు కలిపి ఏడు, పెరుగు నుంచి మూడు. మొత్తం 38. అరవై కిలోల మనిషికి, కిలోకు 0.83 గ్రాముల చొప్పున, రోజుకు 50 గ్రాములు కావాలి. లోటు పన్నెండు గ్రాములు.

పన్నెండు గ్రాములంటే పెద్ద కొండేమీ కాదు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటాయి. ముప్పై గ్రాముల చెనిగ్గింజల్లో, అంటే ఒక గుప్పెడులో, ఏడు గ్రాములుంటాయి. ఆ రెండిటితో లోటు తీరిపోతుంది. ప్రోటీన్ పౌడర్ డబ్బాల మీద వేలకు వేలు పోసే కుర్రాళ్ళు ఈ కూడిక ఒక్కసారి వేసి చూస్తే బాగుండు.

ఈ రకం చిక్కు రాయలసీమకు కొత్త కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురం లాంటి చోట, ధాన్యం ముద్దే కడుపు నింపాలి. పక్కన పెట్టుకునేది ఎప్పుడూ కొంచెమే. అందుకే ఇక్కడి వంటిల్లు ఆ కొంచెంలోనే బలం కుక్కడం నేర్చుకుంది. రాగిసంగటి పక్కన చెనిగ్గింజల ఊరుబిండి (రోటి పచ్చడి), జొన్నరొట్టెతో పచ్చి ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఉలవలు ఉడికించిన కట్టుతో చారు, అలసందల గుగ్గిళ్ళు, బొరుగుల (మరమరాల) ఉగ్గానికి పుట్నాల పొడి. ముద్ద పెద్దది, నంజుకునేది చిన్నది, కానీ ఆ చిన్నదానిలో పప్పో గింజో ఆకో తప్పకుండా ఉంటుంది. మెస్ పళ్ళెం ఈ ఏర్పాటులో ముద్దను మాత్రం ఉంచుకుని, నంజుకునేదాని స్థానంలో ఊరగాయ తెచ్చి పెట్టింది. ఊరగాయలో ఉన్నదల్లా కారం, ఉప్పు, నూనె. మనిషికి రోజుకు ఐదు గ్రాముల ఉప్పు చాలంటారు. పప్పులో, కూరలో, సాంబారులో ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆవకాయతో అన్నం ఎర్రగా కలుపుకునే అలవాటు ఆ హద్దు దాటించేస్తుంది.

సంగటి గురించి ఇంకో మాట. రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో ఆవగింజంత. వారానికి ఒకట్రెండు పూటలు సంగటి పెట్టే మెస్‌లు ఈ జిల్లాల్లో ఉన్నాయి. ఆ పూట "ఇంట్లో తిన్నదేగా" అని బయట నూడుల్స్ బండి దగ్గరికి పోయే పిల్లలు వారంలో కాస్త మంచి భోజనాన్ని వదులుకుంటున్నట్టే.

పప్పు గుండిగ దగ్గర

మెస్‌లో ప్రతి రోజూ దొరికే బలమైన వంట పప్పు. దాన్ని తీసుకోవడంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. వందల మందికి వండిన పప్పు పలచగా ఉండక తప్పదు. అలాంటి పప్పును గుండిగలో పది నిమిషాలు కదపకుండా ఉంచితే బేడలు అడుగుకు దిగుతాయి, పైన పసుపు నీళ్ళు తేలుతాయి. వడ్డించే మనిషి గంటె పైపైన ముంచి పోస్తాడు. అది అతని పిసినారితనమేమీ కాదు. వరుస త్వరగా కదలాలి కదా. ముందు వచ్చినవాళ్ళకు పైనీళ్ళు దక్కుతాయి, నడుమ వచ్చినవాళ్ళకు చిక్కటి పప్పు. చివర్లో వచ్చేవాళ్ళకు కొన్ని చోట్ల చాలడం కోసం మళ్ళీ వేడినీళ్ళు కలిపిన పప్పు. ఒకే రోజు, ఒకే గుండిగ నుంచి ఇద్దరికి రెండు రకాల భోజనాలు పోతాయన్నమాట. "అన్నా, అడుగు నుంచి కలిపి పొయ్యన్నా" అనే ఒక్క మాటకు ఖర్చు లేదు, ఎవరికీ కోపం రాదు. సాంబారుకూ ఇదే సూత్రం. ములక్కాయ, ఉర్లగడ్డ (బంగాళాదుంప), బేడలు, అన్నీ అడుగునే ఉంటాయి.

రెండో సంగతి, పప్పుతో కలిపే అన్నం ఎంత అన్నది. కొండంత అన్నానికి ఒక గంటె పప్పు పోస్తే అన్నం తడుస్తుంది, అంతే. అదే పప్పుకు సగం అన్నం మాత్రమే ముందు పెట్టించుకుని, ఆకలి మిగిలితే మళ్ళీ వెళ్ళడం మేలు. రెండోసారి వెళ్ళినప్పుడు అన్నంతోపాటు ఇంకో గంటె పప్పు కూడా అడగవచ్చు. చాలా మెస్‌లలో అన్నం, పప్పు, చారు, మజ్జిగ ఎంతైనా పోస్తారు. లెక్కపెట్టి ఇచ్చేది గుడ్డు, చికెన్, స్వీటు, పెరుగు కప్పు. ఎంతైనా దొరికేవాటిలో పిల్లలు ఎక్కువగా అడిగేది అన్నం, తక్కువగా అడిగేది పప్పు కావడం విచిత్రమే.

పప్పూ అన్నమూ కలిస్తే మేలని పెద్దవాళ్ళు అనడం వెనక శాస్త్రం కూడా ఉంది. బియ్యంలో, ప్రోటీన్‌లో భాగమైన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. కంది, పెసర, శనగ, అలసందల్లో అది బాగా ఉంటుంది. వీటిలో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. ఒకదాని కొరత ఇంకొకటి పూడుస్తుంది. చెనిగ్గింజలకు ఈ పని అంతగా రాదు, వాటిలోనూ లైసిన్ తక్కువే. అందుకని జేబులో చెనిగ్గింజలున్నాయి కదా అని పప్పు మానేయడం తప్పు లెక్క. రెండూ కావాలి.

పప్పు చప్పగా ఉందనేది మామూలు ఫిర్యాదు. దానికి మందు నిమ్మకాయ, పచ్చి ఎర్రగడ్డ. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే రుచి లేస్తుంది, పప్పులోని, ఆకుకూరలోని ఇనుము ఒంటికి ఎక్కువగా పడుతుంది కూడా. విటమిన్ సి చేసే మేలు అది. వేడివేడి పప్పులో కాకుండా పళ్ళెంలో పోసుకున్నాక పిండుకోవాలి, ఎక్కువ వేడికి ఆ విటమిన్ చెడుతుంది.

ఇనుము మాట వచ్చింది కాబట్టి అమ్మాయిల హాస్టళ్ళ సంగతి విడిగా చెప్పుకోవాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వయసొచ్చిన ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని పోషకాహార సంస్థ చెప్తోంది. మగవాళ్ళకు 19 చాలు. పళ్ళెం మాత్రం ఇద్దరికీ ఒకటే. పైగా టిఫిన్‌తోపాటే టీ పెట్టడం దాదాపు అన్ని మెస్‌లలో ఆనవాయితీ. టీలోని టానిన్లు అనే వగరు పదార్థాలు అప్పుడే తిన్న తిండిలోని ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. టీ తాగొద్దని ఎవరూ అనక్కర్లేదు, అన్నా వినరు. టిఫిన్‌కూ టీకీ గంట ఎడం ఉంటే చాలు. పదకొండు గంటల బ్రేకులో తాగే టీతో ఈ ఇబ్బంది ఉండదు.

పొద్దున టిఫిన్, సాయంత్రం ఆకలి

టిఫిన్లలో అన్నీ సమానం కావు. ఇడ్లీ, దోస, పొంగలిలో మినప్పప్పో పెసరపప్పో ఉంటుంది. ఉప్మా, చిత్రాన్నం, పూరీ వట్టి ధాన్యం, నూనె. ఉగ్గాని మధ్యలో ఉంటుంది. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఎర్రగడ్డ, టమాటా, పచ్చిమిరపకాయల తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి ధారాళంగా చల్లితే అది గట్టి టిఫినే. మెస్‌లో ముందు కోత పడేది ఆ పొడికే. కర్నూలు, అనంతపురం వీధి హోటళ్ళలో తినే ఉగ్గానికీ మెస్ ఉగ్గానికీ తేడా అక్కడే తెలిసిపోతుంది. గదిలో చిన్న డబ్బాలో పుట్నాలు, ఎండుమిర్చి, తెల్లగడ్డ, ఉప్పు కలిపి కొట్టిన పొడి ఉంచుకుంటే ఈ లోటు తీరుతుంది. అదే పొడి ఇడ్లీకీ, రాత్రి వేడన్నానికీ పనికొస్తుంది. ఉప్మా రోజున వేయించిన చెనిగ్గింజలు ఒక గుప్పెడు, పెరుగు దొరికితే నాలుగు చెంచాలు. చిత్రాన్నంలో చెనిగ్గింజలు వెయ్యాలన్నది మామూలుగా వంటవాళ్ళకూ తెలుసు. పళ్ళెంలో మూడు గింజలే కనిపిస్తే మిగతావి మనమే వేసుకోవాలి.

అనంతపురం చుట్టుపక్కల చెనిక్కాయలంటారు, కర్నూలు వైపు బుడ్డలంటారు. ఏ పేరుతో పిలిచినా గింజ ఒకటే. వంద గ్రాముల్లో 25 గ్రాముల దాకా ప్రోటీన్, దాదాపు సగం నూనె. కాబట్టి గుప్పెడు దగ్గర ఆగడం మంచిది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. చెమ్మ తగిలిన గింజల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది, అది కాలేయానికి చేటు. వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, చేదు తగిలినవీ పారేయాల్సిందే. ఊరి నుంచి మూటలో తెచ్చిన కాయలను వానాకాలం గది మూలన నెలల తరబడి ఉంచడం కంటే, పదిహేను రోజులకొకసారి కొంచెం కొంచెంగా కొనుక్కోవడం నయం.

సాయంత్రం అయిదున్నరకు వచ్చే ఆకలే హాస్టల్ పిల్లలను బజ్జీల బండి దగ్గరికి నడిపిస్తుంది. పొయ్యి లేకుండా గదిలో అయ్యే వంటకం ఒకటుంది, శ్రీరామనవమినాడు అందరూ తినేదే, వడపప్పు. అనంతపురం నుంచి కన్నడ సరిహద్దు దగ్గర కాబట్టి కోసంబరి అన్న పేరూ వినిపిస్తుంది. పెసరపప్పు కడిగి, తాగే నీళ్ళలో గంటో గంటన్నరో నానబెట్టి, వంచేసి, తరిగిన కీరదోసకాయ, నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలిపితే అయిపోతుంది. కొబ్బరి ఉంటే ఇంకా మంచిది. నలభై గ్రాముల పప్పులో తొమ్మిది గ్రాములకు పైగా ప్రోటీన్. ఎండాకాలంలో కలిపిన వెంటనే తినేయాలి. కరెంటు కాయిల్‌తో దొంగచాటుగా మ్యాగీ వండి వార్డెన్ చేత తిట్లు తినేకంటే ఇది చాలా సుఖం.

మధ్యాహ్నం మెస్ అన్నం డబ్బాలో పెట్టి గదికి తెచ్చుకుని రాత్రికి తినే అలవాటు మాత్రం మానాలి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చటి అన్నం మూతపెట్టి గంటల తరబడి ఉంచితే అవి మొలిచి విషం పుట్టిస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. వాంతులతో పరీక్ష పోగొట్టుకోవడానికి ఆ ఒక్క డబ్బా చాలు. పల్లెల్లో తినే సద్దన్నం వేరు. దానికి నీళ్ళు పోసి, మజ్జిగ కలిపి పులియబెడతారు, ఆ పులుపే దానికి కాపలా. డబ్బాలో ఉక్కిన అన్నానికి ఆ కాపలా లేదు.

రాత్రి చపాతీ ఉన్న రోజున కుర్మా నూనె తేలుతుంటే, మధ్యాహ్నంలాగే పప్పు ఉందేమో అడగాలి. చపాతీలో పచ్చి ఎర్రగడ్డ, ఉడికిన గుడ్డు చిదిమి చుట్టుకుంటే బయట అమ్మే రోల్ కంటే తీసిపోదు. పలచటి పెరుగులో ఎర్రగడ్డ, కీరదోస తరిగి వేసుకుంటే పెరుగు పచ్చడి అవుతుంది. కూరగాయల లెక్కలో ఇంకో యాభై గ్రాములు కూడా చేరతాయి. ఆదివారం చికెన్ గురించి చెప్పాల్సిందేమీ లేదు, ఆ రోజు ఎవరికీ ఫిర్యాదులుండవు.

గుడ్డు గురించి మాత్రం ఒక మాట ఉంది. గుడ్డు తినని పిల్లలకు బదులుగా అరటిపండు ఇవ్వడం చాలా మెస్‌లలో రివాజు. ధరలో రెండూ దగ్గరగా ఉండొచ్చు. ఒంటికి అందే ప్రోటీన్‌లో మాత్రం గుడ్డుకు ఆరు గ్రాములైతే అరటిపండుకు ఒక్క గ్రాము. పులివెందుల, నార్పల వైపు పండే అరటి గొప్పదే, పండుగా తినాలి. గుడ్డుకు బదులంటే ఉడికించిన శనగలు ఒక కప్పు ఇవ్వాలి, లేదా ఇంకో రెండు కప్పుల పెరుగు. శాకాహారులైన పిల్లలు ఈ తేడాను మెస్ కమిటీలో గట్టిగా అడగడం సబబు.

కమిటీ చేతిలో ఉన్నది

డివైడింగ్ పద్ధతిలో నడిచే మెస్‌లలో నెల సరుకుల ఖర్చు, గ్యాసు, పనివాళ్ళ జీతాలు అన్నీ కూడి తినేవాళ్ళ మీద పంచుతారు. కాబట్టి మెనూ మార్పంటే వెంటనే బిల్లు పెరుగుతుందన్న టెన్షన్ మొదలవుతుంది. ఈ భయాన్ని కిలోల్లోకి మార్చి చూడాలి. 300 మంది తినే మెస్‌లో మనిషికి 15 గ్రాముల పప్పు పెంచాలంటే పూటకు నాలుగున్నర కిలోల బేడలు. అదే 300 మంది ఒక్కొక్కరు 50 గ్రాముల అన్నం పారేస్తే 15 కిలోల అన్నం, అంటే ఐదారు కిలోల బియ్యం, పూటకు చెత్తబుట్ట పాలు. బేడల ధర బియ్యం ధర కంటే ఎక్కువే, అందువల్ల పారేసే అన్నం ఆపినంత మాత్రాన మొత్తం సరిపోదు. రోజూ వేయించే అప్పడాలను వారానికి రెండు రోజులకు తగ్గించడం, నెలాఖరు స్పెషల్ డిన్నర్‌లో ఎవరూ సగం కూడా తినని రెండు ఐటెమ్‌లు తీసేయడం లాంటివి మిగతాది పూడుస్తాయి. పారేసిన అన్నం వారం రోజులు తూకం వేసి గోడ మీద రాయగలిగితే కమిటీ మీటింగులో వాదన సగం తగ్గుతుంది.

కొనుగోలులో కూడా ఇక్కడి కాలాన్ని చూసుకోవాలి. పత్తికొండ మార్కెట్‌లో టమాటా ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసే రోజులు రావడం కర్నూలు జిల్లాలో అందరికీ తెలిసిన బాధే. అలాంటి వారంలో కూడా మెస్‌లో ఉర్లగడ్డే వండుతుంటే మెనూ కాగితాన్ని అతిగా గౌరవిస్తున్నట్టు లెక్క. టమాటా పప్పు, చెనిగ్గింజలు వేసి నూరిన టమాటా ఊరుబిండి అప్పుడు చౌకగా అవుతాయి. అనంతపురం చీనీకాయలు (బత్తాయిలు), కడప వైపు కోడూరు బొప్పాయి కూడా అంతే. కాలం చూసి వారానికి రెండుసార్లు పండు ముక్కలు పెడితే నెలాఖరు ఐస్‌క్రీం కంటే ఖర్చు తక్కువే కావచ్చు.

ఖర్చే లేని మార్పు ఒకటుంది, గుండిగల వరుస తిప్పడం. ఇప్పుడు చాలా మెస్‌లలో ముందు అన్నం గంపే ఉంటుంది. ఖాళీ పళ్ళెం, ఆకలి మీదున్న మనిషి, ముందు వడ్డించేది అన్నం. పళ్ళెం అక్కడే నిండిపోతుంది. తర్వాత కూరకు, పప్పుకు చోటుండదు. వరుస తిప్పి ముందు తరిగిన ఎర్రగడ్డ, నిమ్మచెక్కలు, తర్వాత కూర, పప్పు, ఆఖరున అన్నం పెట్టి చూడాలి. కూర చాలదని వంటమనిషి మొదట్లో గొణుగుతాడు. గంటె కొలత మార్చకపోతే కూర ఖర్చు పెరగదు. అన్నం దగ్గర మాత్రం రెండో విడత వచ్చేవాళ్ళ కోసం ఒక మనిషి చివరిదాకా నిలబడాల్సి వస్తుంది. ఆ డ్యూటీ ఎవరికి వెయ్యాలన్నది కమిటీ ముందుగా వంటవాళ్ళతో మాట్లాడుకోవాలి.